బొమ్మ వెనకాల నల్లపాడు

గుంటూరు శంకర్ విలాస్ వంతెన కూల్చివేత మొదలయ్యాక ఊరు ఊరంతా పాత ఫోటోలు వెతుక్కుంటోంది. అరండల్‌పేటకు, బ్రాడీపేటకు బొమ్మలు దొరుకుతున్నాయి. మరి నిన్నమొన్నటి దాకా పంచాయతీగా ఉండి, ఇప్పుడు నగరంలో పేటగా మారిన నల్లపాడు సంగతి? దాని చరిత్ర పెళ్ళి ఫోటోల్లో ఉంది, వీడ్కోలు ఫోటోల్లో ఉంది, ఓటరు కార్డుల్లో ఉంది. కాకపోతే మనుషుల మొహాలు దాటి వాళ్ళ వెనక్కి చూడాలి.

ట్రంకు పెట్టె మూత తీయగానే కలరా ఉండల వాసన గుప్పుమంది. పైన రెండు పట్టుచీరలు, వాటి కింద పాత పొలం కాగితాలు, అన్నిటికన్నా అడుగున క్యాలెండరు కాగితంలో చుట్టిన పొట్లం. ఎనభై దాటిన పెద్దావిడ దాన్ని ఒళ్ళో పెట్టుకుని జాగ్రత్తగా విప్పింది. మనవడు నేల మీద బాసింపట్టు వేసుకుని, ఫోను కెమెరా తెరిచి సిద్ధంగా ఉన్నాడు. వాట్సాప్‌లో ‘పాత గుంటూరు’ బొమ్మలు చూసీ చూసీ, మన ఊరివి కూడా పెడదామని ఆ అబ్బాయికి పట్టుదల వచ్చింది.

మొదట చేతికొచ్చింది పెళ్ళి ఫోటో. దళసరి అట్టకు అంటించిన నలుపు తెలుపు బొమ్మ. తాటాకు పందిరి ముందు వధూవరులు నిలబడి ఉన్నారు. పెళ్ళికూతురి తల వంగిపోయింది. పెళ్ళికొడుకు చేతికున్న వాచీ కనపడేలా చెయ్యి ముందుకు పెట్టాడు. ఆ పెళ్ళికూతురు ఈవిడే. అయినా ఆవిడ తనను తాను చూసుకోలేదు, బొటనవేలు నేరుగా బొమ్మ కుడిపక్క మూలకు పోయింది.

“ఇదిగో, బండి చూశావా? మా మేనమామది. పెళ్ళి రోజున కూడా మిల్లుకి పత్తి తోలకం ఆగలా. అటు పోయేది పోయేది ఫోటో ఆయన పెట్టెలో పడింది.”

నిజమే. పందిరి గుంజ పక్కన మసకగా ఒక ఎద్దుల బండి, దాని మీద ఎత్తుగా పత్తి బోరాలు. మనవడు దాన్ని ఫోను తెర మీదికి ఎక్కించి రెండు వేళ్ళతో సాగదీశాడు. బండి పెద్దదైంది, దాని వెనక మట్టిరోడ్డు, రోడ్డుకు అవతల చెట్టూ చేమా లేని నల్లరేగడి చేను బయటపడ్డాయి.

“నాయనమ్మా, ఇక్కడ ఇప్పుడేముంది?”

“కోల్డు స్టోరేజీ గోడ లేదూ, అదే.”

వంతెన పోతుందంటే పెట్టెలు తెరుచుకున్నాయి

2025 ఆగస్టులో గుంటూరు నడిబొడ్డున ఉన్న శంకర్ విలాస్ వంతెన మీద రాకపోకలు ఆపేసి కూల్చివేత మొదలుపెట్టారు. 1958 నాటి వంతెన అది. రైలు పట్టాలకు ఒక పక్కన ఉన్న పాత గుంటూరును, రెండో పక్కన ఉన్న అరండల్‌పేట, బ్రాడీపేటలను కలిపింది. పెద్దాసుపత్రికి పోయే రోగి, హిందూ కాలేజీకి పోయే కుర్రాడు, కోర్టుకు పోయే ప్లీడరు అందరూ దాని మీదుగా నడిచినవాళ్ళే. కొత్త వంతెన కావాలని అడిగినవాళ్ళు కూడా పాతది పోతుందనేసరికి దాని మీద నిలబడి ఆఖరి ఫోటో దిగారు. ఆ వారంలోనే పాత గుంటూరు ఫోటోలు ఫోన్లలో తిరగడం ఎక్కువైంది.

ఆ బొమ్మల్లో ఎక్కువ భాగం ఏవో ఊహించడం కష్టం కాదు. జిన్నా టవరు, ఏసీ కాలేజీ, కుగ్లర్ ఆసుపత్రి, పట్నం బజారు, బ్రాడీపేటలో నంబర్లు వేసిన లైన్లు, అడ్డరోడ్లు. వీటికి ఫోటోలు ఉండటానికి కారణం ఉంది. గుంటూరు 1866లోనే మునిసిపాలిటీ అయింది, 1904లో జిల్లా కేంద్రం అయింది. ఆంధ్ర రాష్ట్రం వచ్చాక 1954 జూలైలో హైకోర్టు ఇక్కడే తెరిచారు, 1956 దాకా ఇక్కడే నడిచింది. జడ్జీలు, ప్లీడర్లు, గుమాస్తాలు ఊళ్ళోకి దిగారు. వాళ్ళ వెంట అద్దె ఇళ్ళు, హోటళ్ళు, ఫోటో స్టూడియోలు వచ్చాయి. అధికారం ఎక్కడుంటే కెమెరా అక్కడికి పోతుంది.

నరసరావుపేట రోడ్డు మీద గుంటూరును ఆనుకుని ఉన్న నల్లపాడుకు ఆ భాగ్యం పట్టలేదు. ఇక్కడ కలెక్టరు బంగళా లేదు, గడియార స్తంభం లేదు. ఫోటో స్టూడియోకు పోవాలంటే సైకిలెక్కి గుంటూరు పోవాల్సిందే. పెళ్ళికో, కొడుకు పరీక్ష పాసైనప్పుడో, ముసలాయన మంచాన పడ్డాక “ఒక్కటన్నా తీయించి పెట్టుకుందాం” అనుకున్నప్పుడో మాత్రమే కెమెరా ఊళ్ళోకి వచ్చేది. ఊరిని తీద్దామని ఎవరూ రాలేదు. మనుషుల్ని తీస్తుంటే వాళ్ళ వెనక ఊరు వచ్చి పడింది. అందుకే నల్లపాడు ఆల్బమ్‌లను చదివే పద్ధతి వేరు. మొహాలు కాసేపు పక్కన పెట్టి గోడ చూడాలి, గుంజ చూడాలి, కరెంటు స్తంభం ఉందో లేదో చూడాలి.

> పక్క సమాచారం: ఊరు, నగరం, జిల్లా
>
> 1866: గుంటూరు మునిసిపాలిటీ ఏర్పాటు.
> 1904: గుంటూరు జిల్లా ఏర్పాటు.
> 1970: గుంటూరు, నెల్లూరు, కర్నూలు జిల్లాల ప్రాంతాలతో ఒంగోలు జిల్లా, 1972లో దానికి ప్రకాశం పేరు.
> 1994: గుంటూరు నగరపాలక సంస్థ.
> 2003: గుంటూరు కేంద్రంగా రైల్వే డివిజన్.
> 2012: నల్లపాడుతో కలిపి చుట్టుపక్కల 10 పంచాయతీలు నగరంలో విలీనం.
> 2022: జిల్లాల విభజన. పల్నాడు, బాపట్ల వేరుపడ్డాయి, నల్లపాడు గుంటూరు జిల్లాలోనే ఉంది.

పట్టాలు చీలే చోటు

నల్లపాడు ఇళ్ళల్లో పెళ్ళి ఫోటోల తర్వాత తరచూ కనపడేవి రైల్వే ఫోటోలు. ఇది జంక్షన్. గుంటూరు నుంచి వచ్చిన పట్టాలు ఇక్కడ రెండుగా చీలతాయి. ఒక దారి ఫిరంగిపురం, నరసరావుపేట, వినుకొండ మీదుగా నంద్యాల, గుంతకల్లు వైపు పోతుంది. రెండోది పెదకూరపాడు, సత్తెనపల్లి, పిడుగురాళ్ళ మీదుగా నడికుడి వైపు, అక్కడి నుంచి ఇటు మాచర్లకు, అటు హైదరాబాదు దిక్కుకు.

రైల్వే ఫోటో అంటే వీడ్కోలు ఫోటో. ఎవరో రిటైరవుతారు. మధ్య కుర్చీలో దండతో ఆయన, రెండు పక్కలా స్టేషను మాస్టర్లు, వెనక వరసలో పాయింట్స్‌మెన్, గేటు కాపలావాళ్ళు, గ్యాంగ్‌మెన్. ముందు వరసలో కింద కూర్చున్న ఇద్దరు ముగ్గురు పిల్లలు ఎవరి పిల్లలో ఎవరికీ గుర్తుండదు, కానీ ప్రతి ఫోటోలోనూ ఉంటారు. ఒక బొమ్మలో మనుషుల భుజాల మధ్య నుంచి పట్టాలు కనపడుతున్నాయి. పట్టాకూ పట్టాకూ మధ్య దూరం తక్కువ. అది మీటరు గేజి కాలం.

ఈ దారికి మూలం 1890 ప్రాంతంలో ఉంది. పడమటి తీరాన గోవాలోని మార్మగోవా రేవును గుంతకల్లు మీదుగా కృష్ణ ఒడ్డుతో కలిపే మీటరు గేజి దారిలో ఇటువైపు లైనును సదరన్ మరాఠా రైల్వే వేసింది. నల్లరేగడి నేలల్లో పండిన పత్తి, నూనెగింజలు రేవులకు చేరడానికి అది దారి అయింది. 1908లో ఆ కంపెనీ మద్రాసు రైల్వేతో కలిసి మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వే అయింది. ఇక్కడి పెద్దవాళ్ళ నోట ‘ఎమ్మెస్సెమ్ రైలు’గా మిగిలింది. స్వతంత్రం వచ్చాక దక్షిణ రైల్వే, ఆ తర్వాత దక్షిణ మధ్య రైల్వే. కంపెనీలు మారాయి గానీ పట్టాల వెడల్పు మారడానికి 1990లు రావాల్సి వచ్చింది.

ఒక మీటరుకూ బ్రాడ్ గేజి 1.676 మీటర్లకూ తేడా గజం కూడా లేదు. ఊరి బతుకులో ఆ తేడా ఎంతో ఉంది. మీటరు గేజి బండి నెమ్మదిగా వచ్చేది, నెమ్మదిగా పోయేది, ప్రతి స్టేషనులోనూ ఆగేది. పాల క్యాన్లు, కూరగాయల గంపలు, కాలేజీ పిల్లలు దాంట్లోనే గుంటూరు చేరేవాళ్ళు. గేజి మారని ఊరి సరుకు పెద్ద లైను దగ్గర వ్యాగను దిగి మళ్ళీ వ్యాగను ఎక్కాల్సిందే. ఆ దించుడు ఎక్కుడు మీద ఎంతోమంది ముఠా కూలీలు బతికారు. 1980ల చివర్లో బీబీనగర్–నడికుడి లైను పూర్తయి, ఆ తర్వాత ఇటు గేజి కూడా మారేసరికి హైదరాబాదు దగ్గరైపోయింది. పాలక్యాన్ల బండి కాస్తా దూరప్రాంతాల ఎక్స్‌ప్రెస్‌లకు దారి ఇచ్చి పక్కన నిలబడే బండి అయింది. ఊరి కుర్రాళ్ళు చదువులకూ ఉద్యోగాలకూ రాత్రి బండెక్కి పొద్దున్నే సికింద్రాబాదులో దిగడం నేర్చుకున్నారు. ఆల్బమ్‌లో ఆ తర్వాతి ఫోటోల నేపథ్యం చార్మినారు, ట్యాంక్‌బండు, ఇంకొన్నేళ్ళకు అమెరికా మంచు.

2023 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం గుంటూరు–బీబీనగర్ మధ్య 239 కిలోమీటర్ల డబ్లింగుకు ఆమోదం తెలిపింది. గుంటూరు–గుంతకల్లు దారిలోనూ రెండో లైను పడుతోంది. వీడ్కోలు ఫోటోల్లో వెనక కనిపించే చెయ్యి దించే సిగ్నలు ఎప్పుడో పోయింది. చెక్క స్లీపర్లు పోయాయి. మిగిలిన పాత గోడలు, పాత గేట్లు కూడా పనులతో పాటు ఒక్కొక్కటీ పోతాయి. అభివృద్ధిని ఎవరూ కాదనడం లేదు. పోయేముందు ఒక ఫోటో తీసి పెట్టుకుంటే ఖర్చేమీ లేదు కదా అన్నదే నా బాధ.

బోరెం, బ్యారను, టిక్కీ

గుంటూరు, ప్రకాశం మెట్ట నేలల చరిత్ర రాయాలంటే మూడు పంటల పేర్లు చాలు: పత్తి, పొగాకు, మిరప. ఆల్బమ్‌లో అవి ఎప్పుడూ ముందు వరసలో ఉండవు. మనుషుల వెనక ఉంటాయి.

మొదటి తరం ఫోటోల్లో ఉన్నది పత్తి బండి. జిన్నింగు మిల్లుల దాకా బండ్లు బారులు తీరిన కాలం. తర్వాత ఒక ఇంటి ముందు నలుగురు అన్నదమ్ములు నిలబడిన ఫోటోలో, పెంకుటింటి వెనక పొడుగ్గా, కిటికీలు లేని మట్టిగోడల కట్టడం కనపడింది. తెలియనివాళ్ళు గోదాము అనుకుంటారు. అది పొగాకు బ్యారను. 1920ల నుంచి ఈ జిల్లాలో వర్జీనియా పొగాకు విస్తరించింది. పచ్చి ఆకును కర్రలకు అల్లి లోపల వేలాడదీసి, రాత్రింబవళ్ళు మంట వేసి, వేడి గొట్టాలతో ఆరబెడితేనే ఆ బంగారు రంగు వస్తుంది. మంట కాస్త ఎక్కువైతే ఆకు కమిలిపోతుంది. అందుకే బ్యారను కాసేవాడికి నిద్ర ఉండేది కాదు. దేశానికంతటికీ పొగాకు బోర్డు పెట్టినప్పుడు, 1976లో, దాని ప్రధాన కార్యాలయం గుంటూరుకే వచ్చింది. కానీ క్రమంగా సాగు తేలిక నేలల వైపు జరిగింది. నల్లరేగడిలో బ్యారన్లు మొండిగోడలై, ఆ మొండిగోడలు కూడా ప్లాట్లయ్యాయి. అన్నదమ్ముల ఫోటోలో ఉన్న బ్యారను జాగాలో ఇప్పుడు మూడంతస్తుల మేడ ఉంది.

1987–88 దగ్గర చాలా ఆల్బమ్‌లలో ఖాళీ కనపడుతుంది. ఆ ఏడు పత్తిని తెల్లదోమ తినేసింది. మందు మీద మందు కొట్టారు, అప్పు మీద అప్పు చేశారు, దోమ పోలేదు. ప్రకాశం, గుంటూరు జిల్లాల్లో పత్తి రైతుల ఆత్మహత్యలు మొదటిసారి దేశం దృష్టికి వచ్చిన ఏడాది అది. ఎవరింట్లో ఆ ఏడు పెళ్ళి జరిగింది, ఎవరింట్లో వాయిదా పడింది అని అడిగితే పెద్దవాళ్ళు ఇప్పటికీ చెబుతారు. కొన్ని కుటుంబాలు అంతకుముందే రాయచూరు, సింధనూరు వైపు తుంగభద్ర కాలువ కింద క్యాంపులకు పోయాయి. ఇంకొందరు వరంగల్లు వైపు కౌలుకు పోయారు. వాళ్ళ ఫోటోలు ఇక్కడి ఇళ్ళకు ఉత్తరాల్లో వచ్చేవి. కొత్త ఊళ్ళో కొత్త ట్రాక్టరు ముందు నిలబడి తీయించుకున్న ఆ బొమ్మలను నేను చాలాసేపు చూశాను. మనుషులు ఇక్కడివాళ్ళే, పంచె కట్టు ఇక్కడిదే, వెనకున్న వరిచేను మాత్రం ఈ మెట్టలోది కాదు.

ఇక మిరప. నలుపు తెలుపు ఫోటోల్లో మిర్చి కల్లాన్ని గుర్తుపట్టడం కష్టం. ఎంత ఎర్రటి కాయైనా అందులో బూడిద రంగు కుప్పే. రంగు ఫోటోలు వచ్చాకే ఈ ఊరికి తన అసలు రంగు దొరికింది. ఒక చిత్రం ఉంది. 1970, 80ల్లో కడిగిన రంగు ప్రింట్లలో నీలి వర్ణకం ముందుగా వెలిసిపోతుంది. చీకటి పెట్టెలో ఉన్నా సరే, ఏళ్ళు గడిచేకొద్దీ బొమ్మంతా ఎర్రబారుతుంది. నల్లపాడు ఇళ్ళల్లో ఆనాటి ప్రింట్లలో ఆకాశం, గోడలు, చొక్కాలు అన్నీ కాయ రంగులోకి తిరిగాయి.

1990ల తర్వాత బొమ్మల్లో నేపథ్యం ఒక్కసారిగా ఎత్తు పెరుగుతుంది. పెంకుటిళ్ళ వెనక కిటికీలు లేని పెద్ద పెద్ద తెల్లగోడలు లేచాయి. బ్యారనుకూ కిటికీలు లేవు, వీటికీ లేవు. అది వేడికి, ఇవి చలికి. గుంటూరు చుట్టుపక్కల కోల్డు స్టోరేజీలు వందకు పైనే. రేటు లేనప్పుడు టిక్కీలు ‘ఏసీలో’ పెట్టి, రేటు వచ్చేదాకా రైతు ఆగుతాడు. టిక్కీ అంటే 40, 45 కిలోల కాయ కుక్కిన గోనెసంచి. ఆగగలిగినవాడికి లాభం. అప్పు తీర్చాల్సినవాడు ఆగలేడు, మిర్చి యార్డులో ఏ రేటు పలికితే ఆ రేటుకు ఇచ్చి పోతాడు. 2017 వేసవిలో కాయ రేటు పడిపోయినప్పుడు కేంద్రం మార్కెట్ జోక్య పథకం కింద క్వింటాలుకు 5,000 రూపాయలు ప్రకటించింది. 2025 ఫిబ్రవరిలో మళ్ళీ అదే పరిస్థితి వచ్చి 11,781 రూపాయలుగా నిర్ణయించింది. రెండుసార్లూ పత్రికల్లో పడిన ఫోటో ఒక్కటే: టిక్కీల గుట్ట మీద తలపట్టుకుని కూర్చున్న రైతు. ఆ రైతు ఇంట్లోని ఆల్బమ్‌లో మాత్రం ఆ ఫోటో ఉండదు.

> పక్క సమాచారం: గుంటూరు సీమలో తొలి బొమ్మలు
>
> కెమెరాను లోకానికి ప్రకటించింది 1839లో. అంతకు ఆరేడేళ్ళ ముందే గుంటూరును డొక్కల కరువు తుడిచిపెట్టింది. 1832–33 నాటి ఆ ఘోరానికి ఒక్క ఫోటో లేదు, పెద్దల మాటల్లో మిగిలింది.
>
> పాత గుంటూరు జిల్లాకు చెందినవాటిలో తొలినాళ్ళలోనే కెమెరాకెక్కినవి అమరావతి శిల్పాలు. 1845లో వాల్టర్ ఎలియట్ తవ్వించి మద్రాసుకు పంపిన సున్నపురాతి ఫలకాలను 1858లో లినియస్ ట్రైప్ అక్కడి మ్యూజియంలో ఫోటోలు తీశాడు.
>
> సాగర్ నీళ్ళలో మునగబోయే నాగార్జునకొండ లోయను పురావస్తు శాఖ 1954 నుంచి 1960 దాకా తవ్వి, ఫోటోలతో సహా నమోదు చేసింది. మునిగిపోయే ఊరికి ముందుగానే ఫోటోలు తీసిపెట్టిన పని అప్పటి మన జిల్లాలోనే జరిగింది.

పెట్టెలో చోటు దక్కనివాళ్ళు

ఇంతవరకూ చెప్పినవన్నీ ఆల్బమ్ ఉన్న ఇళ్ళ కబుర్లు. నల్లపాడులో ఫోటో అన్నదే లేని ఇళ్ళు చాలా ఉండేవి. బండి తోలినవాడు, పత్తి తీసినావిడ, బ్యారనులో ఆకు అల్లిన పిల్లలు, మిర్చి తొడిమలు తీసే ఆడవాళ్ళు యజమాని ఇంటి పెళ్ళి ఫోటోలో ఎక్కడో అంచున మసకగా ఉంటే ఉంటారు. సగం మొహమో, నెత్తిన గంపో. “ఈయనెవరు?” అంటే “మన పాలేరు” అన్న సమాధానం వస్తుంది. పేరు రాదు.

విచిత్రంగా, ఈ జిల్లాలో పేదవాళ్ళ మొహాలను ముందుగా, దగ్గరగా చూపించిన ఫోటోలు సముద్రాల అవతలికి చేరాయి. 1842 జూలై 31న లూథరన్ మిషనరీ ఫాదర్ హేయర్ గుంటూరులో అడుగుపెట్టాడు. 1883లో డాక్టర్ అన్నా కుగ్లర్ వచ్చింది. 1898లో ఆమె ఆసుపత్రి తెరుచుకుంది. అమెరికాలోని సంఘాలకు ఇక్కడి పని చూపించి చందాలు రాబట్టడానికి మిషన్ వాళ్ళకు ఫోటోలు కావాలి. బడిపిల్లలు, రోగులు, నర్సులు, మాలమాదిగ పల్లెల విశ్వాసులు కెమెరా ముందు నిలబడ్డారు. కుగ్లర్ 1928లో తన ఆసుపత్రి గురించి ఇంగ్లీషులో పుస్తకమే రాసింది. 1930లో గుంటూరులోనే కన్నుమూసింది. ఆనాటి మిషన్ బొమ్మల కింద చాలాచోట్ల మనిషి పేరు ఉండదు, ‘ఒక రోగి’, ‘ఒక తల్లి’ అనే ఉంటుంది. ఇక్కడి పెళ్ళి ఫోటోలో పాలేరుకు పేరు లేదు, అక్కడి మిషన్ ఫోటోలో తల్లికి పేరు లేదు. ఆ బొమ్మల నకళ్ళు గుంటూరుకు తిరిగి రావాలి, ఇక్కడి పల్లెల్లో పెద్దవాళ్ళకు చూపించాలి. ముక్కూ చెవీ చూసి ఫలానావారి వంశం అని చెప్పగలిగినవాళ్ళు ఇంకా ఉన్నారు.

పల్లెలో చాలామందికి జీవితంలో మొదటి ఫోటో తీసింది ప్రభుత్వం. 1993లో ఎన్నికల సంఘం ఫోటో గుర్తింపు కార్డులు మొదలుపెట్టింది. వరసలో నిలబెట్టి, ఒకరి తర్వాత ఒకరిని కుర్చీలో కూర్చోబెట్టి తీసిన తపాలా బిళ్ళంత బొమ్మ. తర్వాత తెల్ల రేషన్ కార్డు మీద కుటుంబం మొత్తం ఒకే ఫ్రేములో. మొగుడు, పెళ్ళాం, పిల్లలు, మధ్యలో ముసలి అత్త. ఆ కార్డు బియ్యం కోసం ఇచ్చారు. అది వాళ్ళింటి ఏకైక కుటుంబ చిత్రం కూడా అయింది.

ఒక ఇంట్లో గోడ మీద దండ వేసిన పెద్ద ఫోటో ఉంది. మొహమంతా చుక్కలు చుక్కలుగా, అంచులు చెదిరిపోయి ఉన్నాయి. “మా ఆయన. ఓటరు కార్డుది పెద్దది చేయించాం. ఇంకోటి లేదు” అంది ఆవిడ. స్టూడియోవాళ్ళు చొక్కా మీద కోటు అతికించారు. వెనక నీలిరంగు ఆకాశం, మబ్బులు పెట్టారు. ఆయన ముప్పయ్యేళ్ళు యార్డులో టిక్కీలు మోశాడట. ఆ ఫోటోలో యార్డు లేదు, టిక్కీ లేదు, నల్లపాడు లేదు. నేపథ్యం చదవాలని ఇంతసేపూ చెప్పుకున్నాం గానీ, ఆ గోడ ముందు నిలబడ్డాక చదవడానికి ఏమీ మిగల్లేదు. ఆయన సంగతి ఆవిడ నోటితో చెబితేనే తెలిసింది.

బోర్డు మారింది

2012లో నల్లపాడు గుంటూరు నగరపాలక సంస్థలో కలిసింది. పెదపలకలూరు, అంకిరెడ్డిపాలెం, అడవితక్కెళ్ళపాడు, గోరంట్ల, పొత్తూరు, చౌడవరం, ఏటుకూరు, బుడంపాడు, రెడ్డిపాలెం కూడా అప్పుడే కలిశాయి. ‘గ్రామ పంచాయతీ’ అన్న అక్షరాల మీద సున్నం పడింది. పన్నులు పెరుగుతాయని కొందరు, మంచినీళ్ళు వస్తాయని కొందరు. రెండేళ్ళు తిరిగేసరికి రాష్ట్రం విడిపోయింది, ఆ తర్వాత అమరావతి రాజధాని అయింది, గుంటూరు చుట్టూ భూమి రేట్లకు రెక్కలొచ్చాయి. అక్కడి నుంచి ఫోటోలు లెక్కలేనన్ని. ఫోను లేని చెయ్యి లేదు. అయినా చిత్రంగా, ఊరి నేపథ్యం తగ్గిపోయింది. మొహం ఫ్రేమంతా నిండిపోతే వెనక గోడకు చోటెక్కడ? పెళ్ళిళ్ళు ఫంక్షన్ హాళ్ళకు పోయాయి. ఆ పూల అలంకరణ నల్లపాడుదో నంద్యాలదో చెప్పలేం.

నల్లపాడులోని పాలిటెక్నిక్‌లోనూ లయోలా పబ్లిక్ స్కూల్లోనూ చదివినవాళ్ళ దగ్గర మాత్రం ఏటేటా తీసిన గ్రూపు ఫోటోలు ఉన్నాయి. ఏడాదికి ఒకటి, అదే ఆవరణలో. వరసగా పేర్చి చూస్తే చొక్కా కాలర్లు మారతాయి, వెనక చెట్లు పెరుగుతాయి. ఊరిలో ఏ ఏడు ఏం మారిందో పట్టుకోవడానికి ఇంతకన్నా నమ్మకమైన ఆధారం నాకు దొరకలేదు. పూర్వ విద్యార్థులు వాటిని ఒక్కచోటికి చేర్చి, పేర్లు రాసి పెడితే ఎంత మేలు!

వెండి కోసం అమ్మేసిన నెగెటివ్‌లు

ఫోటోలు ఎలా పోయాయి? చెదలు కొన్ని తిన్నాయి, వానకు కారిన ఇల్లు కొన్ని. ఇల్లు పడగొట్టి కట్టుకునేటప్పుడు పాత సామానుతో పోయినవి ఎక్కువ. స్టూడియోల సంగతి ఇంకా దారుణం. గాజు పలకల నెగెటివ్‌లను కడిగేసి ఫ్రేములకు అద్దాలుగా వాడుకోవడం, ఫిలిం నెగెటివ్‌లను అందులోని వెండి కోసం తూకానికి అమ్మేయడం దేశమంతటా జరిగింది. డిజిటల్ వచ్చి గిరాకీ పడిపోయాక చాలా స్టూడియోలు జిరాక్సు సెంటర్లయ్యాయి. ఒక తరం పెళ్ళిళ్ళన్నీ ఉన్న పెట్టెలు పాత ఇనుప సామానువాళ్ళ బండి ఎక్కాయి.

ఫోనులోకి ఎక్కించేశాం కాబట్టి భద్రం అనుకోవడానికి లేదు. వాట్సాప్‌లో పంపిన ప్రతిసారీ బొమ్మ పలచబడుతుంది. పెళ్ళి ఫోటోలో మూలనున్న బండి ముందు మసక, తర్వాత మచ్చ, ఆ తర్వాత ఏమీ లేదు. మొహాలు మిగులుతాయి, వెనకున్నది పోతుంది.

> పక్క సమాచారం: ఇంట్లో పాత ఫోటోలుంటే
>
> వెనక పక్క బాల్‌పెన్నుతో రాయకండి, అచ్చు ముందుకు పడుతుంది. మెత్తటి పెన్సిలుతో తేలిగ్గా రాయండి. పేర్లు ఎడమ నుంచి కుడికి, ఊరు, సుమారుగా ఏడాది.
>
> అద్దానికి అతుక్కున్న ఫోటోను పీకవద్దు. అద్దంతోనే స్కాన్ చేయించండి.
>
> జిగురు పేజీల ఆల్బమ్‌లు ఫోటోలను పాడుచేస్తాయి. లామినేషన్ అసలు వద్దు.
>
> స్కాన్ 600 డీపీఐ కంటే తగ్గకుండా చూడండి. పంపేటప్పుడు ఫోటోగా కాకుండా డాక్యుమెంటుగా పంపితే నాణ్యత పోదు.
>
> ఫోటో చూపిస్తూ పెద్దవాళ్ళు చెప్పే మాటలు రికార్డు చేయండి. ఏ మూల ఏముందో చెప్పగలిగింది వాళ్ళే.

గుంటూరు నగరానికి ఒక ఫోటో భాండాగారం కావాలి. మ్యూజియం కట్టమని అడగడం లేదు. జిల్లా గ్రంథాలయంలో ఒక స్కానరు, ఒక కంప్యూటరు, ఓపికగల ఒక మనిషి చాలు. కొత్త వార్డుల నుంచి ఇంటింటి ఆల్బమ్‌లు తెప్పించి, స్కాన్ చేసి, అసలు వెనక్కి ఇచ్చేయాలి. ఆ పని పల్లె నుంచి, ఓటరు కార్డు తప్ప ఇంకేమీ లేని ఇళ్ళ నుంచి మొదలవ్వాలి. పెద్దిళ్ళ పెట్టెలు ఇంకో పదేళ్ళు ఆగినా ఆగుతాయి.

కోల్డు స్టోరేజీ పక్కన రేకుల షెడ్డులో తొడిమలు తీసే ఆడవాళ్ళు ఏడాది పొడుగునా పనిలో ఉంటారు. ముక్కుకూ నోటికీ గుడ్డ చుట్టుకుని, చేతులకు మంట తగలకుండా నూనె రాసుకుని, కుప్ప చుట్టూ కూర్చుంటారు. నేను వెళ్ళింది మధ్యాహ్నం అన్నం వేళ. ఫోటో తీయవచ్చా అని అడిగితే ఇద్దరు మొహం తిప్పుకున్నారు. ఒకావిడ మాత్రం గుడ్డ విప్పి, కొంగు సర్దుకుని, కుప్ప ముందుకు వచ్చి నిలబడింది. నేను మొహానికి దగ్గరగా తీయబోయాను.

“అట్టా కాదు బాబూ, ఇంకాస్త వెనక్కి జరుగు. కాయ కూడా పడాల. షెడ్డు కూడా. మా మనవరాలు హైదరాబాదులో చదువుతోంది, మా అమ్మమ్మ ఏం పని చేసుద్దో చూపిచ్చుకుంటానంది.”

తీసి చూపించాను. కళ్ళు చికిలించి తెర మీద వేలితో కుప్పను పెద్దది చేసుకుని చూసింది. తర్వాత తన పేరు, ఊరు, తేదీ కింద రాసి పంపమని మనవరాలి నంబరు చెప్పింది. రాసి పంపాను.